మామ వేసిన పైపు ఎక్కడ పోతోందో వెతుక్కున్న ఇరవై రోజులు

మొదట వాసన వచ్చింది. మే నెల చివర్లో, పొద్దున ఐదున్నరకి కొళాయి తిప్పి బిందె పెట్టి పక్కకి తిరిగానో లేదో, సైడు కాలువలో బురద తోడి గట్టున పోసినప్పుడు వచ్చే వాసన గుప్పున కొట్టింది. నీళ్లు చూస్తే లేత టీ రంగులో ఉన్నాయి. పది నిమిషాలు వదిలేస్తే తేటపడ్డాయి, వాసనా పోయింది. సరే, రాత్రంతా పైపులో నిలవున్న నీళ్లు కదా, తుప్పేమో అనుకుని ఆ బిందె మొక్కలకి పోసేసి ఊరుకున్నాను. అలా ఊరుకోకుండా ఉండాల్సింది.

మాది నెల్లూరులో మూలాపేట. పాత ఇల్లు, మా మామ కట్టించింది. ఆయన పోయి నాలుగేళ్లయింది. మా ఆయన చెన్నైలో ఉద్యోగం, శనివారం రాత్రికి వచ్చి సోమవారం తెల్లవారుజామున రైలెక్కేస్తారు, కాబట్టి ఇంటి పనులన్నీ నావే. నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. అత్తకి డెబ్బై ఆరేళ్లు. మేమందరం క్యాన్ నీళ్లు తాగుతాం గానీ ఆమె ముట్టదు. "పెన్న నీళ్లు తాగి పెరిగినదాన్ని, ఆ చప్పిడి నీళ్లు నా గొంతు దిగవు" అంటుంది. కొళాయి నీళ్లు ఇత్తడి చెంబులో పట్టుకుని, మీద గ్లాసు బోర్లించి మంచం పక్కన పెట్టుకుంటుంది.

నాలుగో రోజు రాత్రి ఆమెకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే రెండు రోజులు సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఏ నీళ్లు తాగుతుందమ్మా?" అని. నాకు ఆ బిందె గుర్తొచ్చి గుండె జారిపోయింది.

ఇంటికొచ్చాక ముందు మా సంపు తెరిచి చూశాను. వెయ్యి లీటర్లది, అడుగున ఒక వేలు మందం నల్లటి వండ్రు. ఇరుగుపొరుగుని అడిగితే కుడి పక్కవాళ్లకి నీళ్లు బాగానే ఉన్నాయి, ఎడమ పక్కవాళ్లకీ బాగానే ఉన్నాయి. వీధంతా బాగుండి మాకు మాత్రం కంపు ఎందుకొస్తుందో నాకు అర్థం కాలేదు. వార్డు సచివాలయానికి వెళ్లి, వార్డులో నీళ్లు, కాలువల పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పాను. చిన్న వయసు అబ్బాయి, మర్నాడు నీళ్లొచ్చే వేళకే చేతిలో ఒక చిన్న పెట్టెతో వచ్చాడు. దాన్ని క్లోరోస్కోప్ అంటారట. గాజు గొట్టంలో మా కొళాయి నీళ్లు పట్టి, అందులో మందు చుక్కలు వేసి ఊపాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, ఏ రంగూ రాలేదు. తర్వాత పక్కింటి కొళాయి దగ్గరికెళ్లి అలాగే చేశాడు. ఆ గొట్టం నిమ్మపండు రంగుకి తిరిగింది. రెండు గొట్టాలూ పక్కపక్కన పట్టుకుని ఎండకెత్తి చూపించాడు నాకు.

"క్లోరిన్ ఉంటే పసుపు తిరుగుతుందక్కా. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములన్నా మిగిలి ఉండాలి కొళాయి దగ్గరికొచ్చేసరికి. పక్కింటికి వచ్చింది, మీకు రాలేదంటే దారిలో మురికి దాన్ని తినేసింది" అన్నాడు. ఇంకో చిన్న సీసా ఇచ్చాడు, అందులో మా నీళ్లు గీత దాకా పోసి మూత పెట్టి ఉంచమన్నాడు. నీళ్లలో మలం తాలూకు సూక్ష్మక్రిములుంటే నల్లబడుతుందట. మర్నాడు సాయంత్రానికి అది కాటుక నీళ్లలా తయారైంది. ఆ సీసా చూసి నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను, అబద్ధం చెప్పను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎక్కడో కడప జిల్లా దాటి వచ్చే పెన్న, 78 టీఎంసీల సోమశిల, సంగం బ్యారేజీ, ఇక్కడ నెల్లూరు బ్యారేజీ, ఇంత పొడుగున నీళ్లు నిలిపి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి వీధి చివరిదాకా బాగానే తెస్తున్నారు. పాడైంది మా గుమ్మం ముందు కొన్ని అడుగుల్లో. ఆ కొన్ని అడుగుల గురించి ఇంట్లో ఒక్కరికీ ఏమీ తెలియదు.

ప్లంబరు తమ్ముడు వచ్చి చూసి చెప్పిన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. "అక్కా, మొదట పది నిమిషాలు కంపుకొట్టి తర్వాత తేటగా వస్తుంటే మెయిన్ లైనుది కాదు, మెయిన్ నుంచి ఇంట్లోకొచ్చే మీ సర్వీసు పైపుదే. నీళ్లొచ్చేటప్పుడు లోపల ప్రెషర్ ఉంటది కాబట్టి చిల్లిలోంచి నీళ్లు బయటికి పోతాయి. నీళ్లు ఆగినాక పైపు ఖాళీ అయిపోద్ది, అప్పుడు బయట ఉండేది లోపలికి వస్తాది. మీ పైపు యాడో కాలవలో మునిగుంది." తర్వాత మా మోటరు వైపు చూశాడు. అర హార్స్‌పవర్ మోటరు, నేరుగా కొళాయి లైనుకే బిగించి పై ట్యాంకుకి ఎక్కిస్తున్నాం. ఎండాకాలంలో ప్రెషర్ తక్కువైందని రెండేళ్ల కింద నేనే పెట్టించాను. "ఇదింకా ప్రమాదం అక్కా. మోటరు పీల్చేది మెయిన్లో నీళ్లే కాదు, పైపుకి చిల్లుంటే కాలవలోదీ పీల్చేస్తది" అన్నాడు. లైనుకి మోటరు పెట్టకూడదని మున్సిపాలిటీ వాళ్లు ఎప్పుడూ చెప్తూనే ఉంటారు, పట్టుకుంటే తీసుకుపోతారు కూడా. పక్కవాళ్లకి నీళ్లు అందకుండా పోతాయి కాబట్టి వద్దంటున్నారు అనుకున్నానే గానీ, మా ఇంటికే మురుగు తెచ్చుకుంటున్నానని నాకు తట్టలేదు. ఆ రోజే మోటరు విప్పించేశాను.

అప్పుడు అసలు ప్రశ్న మొదలైంది. పైపు ఎక్కడుంది?

ఇంట్లో కొళాయి దగ్గర నేలలోంచి పైకి వచ్చింది, అంతవరకే కనిపిస్తుంది. గేటు ముందు సైడు కాలువ, దాని మీద కడప బండలు, ఆ తర్వాత సిమెంటు రోడ్డు. మా ఇంటి ముందు రోడ్డు కింద మెయిన్ లైను ఉంది కాబట్టి మా పైపు తిన్నగా దానికే పోయి ఉంటుందని అందరం అనుకున్నాం. ప్లంబరు కూడా అలాగే అనుకుని గేటు ముందు రెండు బండలు లేపి చూస్తే అక్కడ పైపు జాడే లేదు. నీళ్లొచ్చే టైములో ఒక ఇనప కడ్డీ నేలకి ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని అక్కడక్కడా విన్నాడు. లోపల నీళ్లు పారుతుంటే సన్నగా చప్పుడు వస్తుందట. మా ప్రహరీ గోడ మూల దగ్గర ఏదో వినపడుతోందన్నాడు గానీ ఖాయంగా చెప్పలేకపోయాడు, వీధిలో ఆటోలు తిరుగుతూనే ఉన్నాయి.

తెలిసిన మనిషి మామ ఒక్కడే. ఆయనకి సైకిల్ షాపు ఉండేది. ఇంటికి సంబంధించిన ఏ పనైనా ఒక్కడే చేసుకునేవాడు, ఎవరికీ చెప్పేవాడు కాదు, రాసిపెట్టేవాడూ కాదు. అడుగుదామంటే ఆయన లేడు.

ఎదురింటి పెద్దాయన మా మామకి చిన్నప్పటి స్నేహితుడు. అరుగు మీద కూర్చుని మా తవ్వకాలన్నీ చూస్తూ ఉన్నాడు. నేను వెళ్లి "మామా, మా కొళాయి వేసినప్పుడు మీరు ఉన్నారా?" అని అడిగాను. "ఉండకేం, నేనూ గునపం పట్టినా" అన్నాడు. "అప్పుడు ఈ వీధిలో మెయిన్ యాడుందమ్మా? మూల మీద ఆగిపోయిండె. 1989లో మీ మామ ఆ మూల నుంచి కాలవ ఎంబడే లాక్కొచ్చినాడు. ఈ ముందరి మెయిన్ ఆ తర్వాతెప్పుడో వేసినారు." అంటే మా ముంగిట్లో మెయిన్ పెట్టుకుని, ముప్పై అయిదేళ్లుగా మేము వీధి మూల నుంచి, సైడు కాలువ లోపలి గోడకి ఆనుకుని, దాదాపు నలభై అడుగుల జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపు మురుగులో మునిగి వస్తుంటే ఆ నీళ్లు తాగాం. ఆయనకి ఆ మాట చెప్పడానికి అర నిమిషం పట్టింది. నేను ఆయన్ని అడగడానికి వారం పట్టింది.

మా వీధిలో చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది, ఈ పైపు బాగు చేయించాల్సింది ఎవరు అని. నాకు సచివాలయంలో చెప్పింది ఇది: మెయిన్ మీద బిగించే ఫెర్రూల్ (మెయిన్‌లోంచి ఇంటి పైపుకి నీళ్లు తీసుకునే బిగింపు) దగ్గర్నుంచి ఇంట్లోకి వచ్చే పైపు ఇంటివాళ్లది, దాని ఖర్చూ బాగోగులూ ఇంటివాళ్లవే. కానీ మెయిన్ మీద చెయ్యి వెయ్యడం, ఫెర్రూల్ తియ్యడం, పెట్టడం వాళ్ల మనిషి సమక్షంలోనే జరగాలి, రోడ్డు కొయ్యాలంటే ముందు అనుమతి తీసుకుని డబ్బు కట్టాలి. మా ప్లంబరు పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్న మేస్త్రీ దగ్గర నేర్చుకున్నవాడు, "ఆదివారం తెల్లారకముందే కొట్టేద్దాం అక్కా, ఎవరూ చూడరు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంటి పన్ను రశీదు, ఆధార్ జిరాక్సు, పాత కొళాయి పన్ను కాగితం పెట్టి అర్జీ ఇచ్చాను. మిల్లుకి రెండు పూటలు సెలవు పెట్టాను. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు స్థలం చూడ్డానికి రావడానికీ డబ్బు కట్టడానికీ కలిపి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అత్తకి నీళ్లు కాచి ఇచ్చాను. కాచడమంటే వేడి చెయ్యడం కాదు, తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం పొయ్యి మీదే ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది.

ఏఈ గారు వచ్చినప్పుడు ఆయనతో ఒక పావుగంట రోడ్డు మీద నిలబడి మాట్లాడాను. ఆ పావుగంటలో నేర్చుకున్నది నాకు చాలా పనికొచ్చింది. పాతదాన్ని బాగు చెయ్యొద్దు, ముందున్న మెయిన్ నుంచి కొత్తగా తిన్నగా తీసుకోమన్నారు. మా ఇంటి భూగర్భ డ్రైనేజీ ఛాంబరు గేటుకి ఎడమ వైపు ఉంది కాబట్టి నీళ్ల పైపు కుడి చివరికి జరపమన్నారు. తాగునీటి పైపుకీ మురుగు పైపుకీ మధ్య మూడు మీటర్ల ఎడం ఉండాలట, ఒకదాన్ని ఒకటి దాటాల్సి వస్తే నీళ్లది కనీసం అర మీటరు పైన పోవాలట. మా ముంగిలి మొత్తం కలిపినా ఆరు మీటర్లు లేదు. అయినా ఎంత జరపగలిగితే అంత జరుపుదామన్నారు.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు, నాకు తట్టనే తట్టని మాట. పాత పైపుని ఇంటి దగ్గర కోసి మూత పెడితే సరిపోదు, మూల మీద మెయిన్ దగ్గరే ఫెర్రూల్ మూసెయ్యాలి. లేకపోతే ఆ చిల్లుల పైపు మెయిన్‌కి తగిలే ఉంటుంది, కాలువ మురుగు దాని గుండా మెయిన్‌లోకి పోయి అవతల ఇళ్లకి వెళ్తుంది. ప్లంబరు దీనికి అడ్డం చెప్పాడు. ఇంకో చోట రోడ్డు కొయ్యాలి, ఇంకో నాలుగైదు వేలు, "మన నీళ్లు మనకు వస్తే చాలు గదా అక్కా" అన్నాడు. మా ఆయన కూడా ఫోనులో ఖర్చు ఎందుకు పెంచుతావన్నారు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుంటే అత్త చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను. ఇంకో ఇంట్లో ఇంకో ముసలమ్మకో పసిబిడ్డకో అదే గతి పట్టించి నేను నిద్రపోలేను. రెండో గుంటకీ డబ్బు కట్టేశాను.

తవ్వే ముందు కింద ఇంకేమేం ఉన్నాయో తెలుసుకోవాలి కదా, దానికి ఒక రోజంతా తిరిగాను. 2023 మార్చిలో కేంద్ర టెలికాం శాఖ 'కాల్ బిఫోర్ యూ డిగ్' అని ఒక యాప్ తెచ్చింది. తవ్వబోయేవాళ్లు ముందుగా చోటు చెబితే అక్కడ కింద లైన్లున్న సంస్థలకి కబురు వెళ్తుంది. మా పని గునపం, పారతో చేసే చిన్న పని కాబట్టి నేను మనుషుల్నే పట్టుకున్నాను. కరెంటు లైన్‌మన్ చెప్పిన గుర్తు చాలా సులువు: స్తంభం మీద నుంచి తీగ ఒక ఇనప గొట్టంలో దిగి నేలలోకి పోతుంటే దాని కింద కేబుల్ ఉన్నట్టే. అప్పటిదాకా రోజూ చూస్తున్న స్తంభాలే గానీ ఎప్పుడూ గమనించలేదు. మా వీధిలో అలాంటిది ఒకటే ఉంది, కొత్త అపార్ట్‌మెంటుకి రోడ్డు అడ్డంగా పోయేది, మా గుంటకి ఇరవై అడుగుల అవతల. గ్యాస్ పైపుకి వీధి మొదట్లో పసుపు గుర్తురాయి మీద ఫోన్ నంబరుంది. ఫోన్ చేస్తే ఒకబ్బాయి ఫోనులో గీతల పటం పెట్టుకుని వచ్చి, మా గేటు నుంచి ఆరడుగుల దూరంలో రోడ్డు మీద సుద్దతో గీత గీసి పోయాడు. డబ్బేమీ అడగలేదు. ఇంటర్నెట్ కేబుల్ పిల్లాడు మాత్రం "ఎక్కడో ఉంటదిలే మేడం, చూసుకుని తవ్వండి" అన్నాడు.

తవ్వకం బుధవారం. పొద్దున నీళ్లు ఆగిపోయాక ఏడున్నరకి మొదలుపెట్టారు. కటింగ్ మిషన్‌తో రోడ్డు మీద రెండు గీతలు కోస్తే వీధంతా తెల్లటి దుమ్ము. సిమెంటు రోడ్డు అర అడుగు మందం ఉంది, దాని కింద కంకర, కంకర కింద ఎర్రమట్టి. ఒకటిన్నర అడుగు దిగగానే ఒక నల్లటి గొట్టం బయటపడింది, ఇంటర్నెట్ వాళ్లది. ఆ పిల్లాడు చెప్పని చోటే ఉంది. దాని కింద మట్టి తీస్తుంటే కూలి పనికి వచ్చిన పెద్దాయన చటుక్కున ఆగి, గునపం పక్కన పడేసి, కూర్చుని చేత్తో మట్టి పక్కకి తోశాడు. పసుపు రంగు ప్లాస్టిక్ పట్టీ, దాని మీద గ్యాస్ అని రాసుంది. సుద్ద గీతకి అటూ ఇటూ బెత్తెడు తేడా కూడా లేదు. ఈ పట్టీ గ్యాస్ పైపుకి కొంచెం పైన పరుస్తారట, తవ్వేవాడు పైపు కంటే ముందు దాన్ని చూడాలని. అక్కణ్ణుంచి గునపం వాడలేదు. పారతో, తాపీతో, చేత్తో. ఆ మూడడుగులకి రెండు గంటలు పట్టింది. ఎండ నెత్తిన మండుతోంది. అత్త వద్దన్నా వినకుండా వాకిట్లోకి కుర్చీ తెచ్చుకుని కూర్చుని వాళ్లకి మజ్జిగ చేసి పంపుతూనే ఉంది.

మధ్యాహ్నం కాలువ మీద బండలు వరసగా లేపుకుంటూ మూల దాకా వెళ్లారు, పాత పైపు తీసెయ్యడానికి. అప్పుడు చూశాను దాన్ని. అర అంగుళం జీఐ పైపు, కానీ మీద తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి ముంజేయంత లావైంది. సగం దూరం మురుగులో మునిగే ఉంది. తట్టితే పెచ్చులు ఊడొచ్చాయి. ఎల్బో దగ్గర చింతగింజంత చిల్లి, దానికి జానెడు ఇవతల ఇంకోటి. ప్లంబరు ఒక ముక్క కోసి ఎండకి పెట్టి లోపలికి చూడమన్నాడు. అర అంగుళం పైపులో అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది, మిగతా అంతా గోధుమరంగు గడ్డ. ఎండాకాలంలో ప్రెషర్ రావట్లేదని మోటరు పెట్టానే, ప్రెషర్ తగ్గింది మెయిన్‌లో కాదు, ఇక్కడ.

ఆ తర్వాత ముక్క తీసినప్పుడు దాని మీద ఏదో చుట్టి ఉంది. కడిగి చూస్తే సైకిల్ ట్యూబు. చీల్చి, బిగువుగా మూడు చుట్లు చుట్టి, మీద బైండింగ్ వైరుతో కట్టి, వైరు కొసలు లోపలికి మడిచి ఉన్నాయి. ఎవరి చేతికీ గుచ్చుకోకుండా అలా మడిచే అలవాటు మామది. షాపులో ఏ తీగ కట్టినా అలాగే కట్టేవాడు. నేను దాన్ని తీసుకెళ్లి అత్తకి చూపించాను. చాలాసేపు చేతిలో పట్టుకుంది. "ఆ వానల్లో" అంది. 2015 నవంబరులో నెల్లూరు మునిగినంత పనైన వానలు గుర్తుంటాయి కదా, ఆ తర్వాత ఒక రాత్రి ఒంటినిండా బురదతో వచ్చి, ఏమైందని అడిగితే కాలవ పూడిపోతే తీశానన్నాడట. పైపు చిల్లి పడిందని ఆయనకి తెలుసు. మురుగులో మోకాళ్ల దాకా దిగి కట్టుకట్టి, మేము కంగారు పడతామని చెప్పలేదు. ఆ రబ్బరు ఇంకా పట్టు వదల్లేదు. కారుతున్న రెండు చిల్లులూ వేరే చోట ఉన్నాయి.

సాయంత్రం నాలుగుకి లైన్ ఫిట్టరు వచ్చి మూల మీద పాత ఫెర్రూల్ తీసి ప్లగ్గు బిగించాడు, ఇక్కడ మెయిన్ మీద శాడిల్ (పైపుని చుట్టి పట్టుకునే పట్టీ) కట్టి కొత్త ఫెర్రూల్ పెట్టాడు. జీఐ బదులు నీలం గీతలున్న నల్ల ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ పైపు వేశాం, తుప్పు పట్టదు, మధ్యలో జాయింటు లేకుండా ఒకటే ముక్క. కాలువ దాటే చోట మురుగు ఎంత నిండినా తగలనంత ఎత్తులో, బండ కిందుగా, ఇంకో లావు పీవీసీ గొట్టం లోపలి నుంచి తెచ్చాం. గేటు లోపల ఒక వాల్వు, దాని మీద చిన్న ఇటుక గూడు కట్టించాను, ఎప్పుడైనా మూసుకోవడానికి. పైపు ఇప్పుడు నేరుగా సంపులో పడుతుంది, సంపు నిండగానే నీళ్లు ఆపేసే ఫ్లోటు వాల్వు పెట్టాం. సంపులో నీళ్లు ఎంత నిండినా పైపు మూతి మునగకుండా పైనే ఉంచాడు ప్లంబరు. మునిగితే సంపు నీళ్లే వెనక్కి మెయిన్‌లోకి పోయే ప్రమాదం ఉంది. మోటరు సంపులోంచి పైకి ఎక్కిస్తుంది, లైనుతో దానికి సంబంధం లేదు.

గుంట ఆ సాయంత్రమే పూడ్చేస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. నీళ్లొచ్చేదాకా ఆగుదామన్నాను. రాత్రంతా గుంట చుట్టూ డ్రమ్ములు పెట్టి, తాడు కట్టి, ఒక బల్బు వేలాడదీశాను, బండ్లవాళ్లు పడకుండా. పొద్దున ఐదున్నరకి నీళ్లు వదిలాక టార్చి పట్టుకుని ఫెర్రూల్ దగ్గర చూస్తే సన్నటి చెమ్మ. ఒక్క బొట్టు, ఆగి ఇంకో బొట్టు. పూడ్చేసి ఉంటే అది రోడ్డు కిందే కారుతూ ఉండేది. ఫిట్టరు వచ్చి టేపు చుట్టి మళ్లీ బిగించాక ఆగింది. గ్యాస్ పట్టీని ఎలా ఉన్నది అలాగే పరిచి, మట్టి పొరపొరగా దిమ్మిస చేసి పూడ్చారు. సిమెంటు వేశాక వారం రోజులు రోజూ రెండు పూటలా నేనే నీళ్లు పోశాను.

సంపు ఖాళీ చేసి, గోడలు బ్రష్షుతో రుద్ది కడిగించి, మొదటి అరగంట నీళ్లు బయటికి వదిలేశాం. సంపు నిండాక బ్లీచింగ్ పౌడర్ కలిపాం. చాలామంది గుప్పెడు పోసేస్తారు. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు చాలని సెక్రటరీ చెప్పాడు, అంటే అర చెంచా చుట్టుపక్కల. బకెట్టులో నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే సంపులో పోసి గంట ఆగాలి. తర్వాత అతనే మళ్లీ గాజు గొట్టం పట్టుకొచ్చాడు. సంపుది కాదు, వాల్వు దగ్గర నేరుగా వచ్చే నీళ్లు పట్టమన్నాను. చుక్కలు వేసి ఊపాడు. పసుపు తిరిగింది. అత్త కళ్లజోడు తెప్పించుకుని మరీ చూసింది. నల్లబడే సీసా కూడా మళ్లీ ఇచ్చాడు, రెండు రోజులు కిటికీలో పెట్టి గంటగంటకీ చూశాను, రంగు మారలేదు. మొత్తం ఖర్చు, రెండు గుంటలు, పైపులు, కూలి, కట్టిన డబ్బు అంతా కలిపి ₹27,600 అయింది. ఆసుపత్రి బిల్లు వేరు.

ఆ ఆదివారం మా ఆయన ఉన్నప్పుడు టేపు పట్టుకుని కొలతలు తీశాం. ఒక తెల్ల కాగితం మీద ఇల్లు, గేటు, కాలువ, రోడ్డు గీసి, కొత్త పైపు ఎక్కడ పోతోందో గీశాను. ఒక్క చోటు నుంచి కొలిస్తే తర్వాత తప్పిపోవచ్చని ప్రతిదానికీ రెండు కొలతలు రాశాను, ప్రహరీ కుడి మూల నుంచి ఒకటి, గేటు స్తంభం నుంచి ఒకటి. లోతు ఎంతో రాశాను. గ్యాస్ పైపు, ఇంటర్నెట్ గొట్టం, డ్రైనేజీ ఛాంబరు, మూల మీద మూసేసిన పాత ఫెర్రూల్, అన్నీ పెట్టాను. గుంట తెరిచి ఉన్నప్పుడు టేపు అడ్డం పెట్టి తీసిన ఫోటోలు పిల్లల ఫోనుల్లోకీ మా ఆయన ఫోనులోకీ పంపాను. కాగితానికి ప్లాస్టిక్ కవరు వేసి మీటరు పెట్టె తలుపు లోపలి వైపు అంటించాను.

సాయంత్రం అత్త దీపం పెట్టి వస్తూ ఆగి, కళ్లజోడు సర్దుకుని దాన్ని వేలితో తడుముతూ చూసింది. గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టి వరండా దాకా వచ్చి వేలు ఆపింది.

"బావి గియ్యలేదేం?" అంది.

"ఏ బావి అత్తా?"

"ఈ వరండా కిందది. కొళాయి వచ్చినాక మీ మామ బండలు కప్పి మీద గచ్చు చేయించినాడు. పూడ్చలేదు, కప్పినాడంతే."

ఆ వరండాలో మేము ఇరవై రెండేళ్లుగా మంచాలు వేసుకుని పడుకుంటున్నాం. నేను కాగితం కవరులోంచి తీసి, పెన్సిలు ఆమె చేతికిచ్చి, ఎక్కడో గుర్తు పెట్టమన్నాను.